రెండో ఏసీకి మా ఇంటి మెయిన్ సరిపోతుందా?

కరెంటు బిల్లులో మా ఇంట్లోవాళ్లు చూసే అంకె ఒక్కటే, కట్టాల్సిన మొత్తం. నేను ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను కాబట్టి, కాగితం చేతికొస్తే చివరిదాకా చదవందే పక్కన పెట్టలేను. మార్చి బిల్లులో ‘కాంట్రాక్టెడ్ లోడు 2 కిలోవాట్లు’ అని, అంటే ఒకేసారి అంతకు మించి వాడమని కరెంటు ఆఫీసులో రాయించిన లెక్క, చూసి నాకు నవ్వొచ్చింది. ముందుగదిలోని టన్నున్నర ఏసీ ఒక్కటే మండుటెండలో ఇంచుమించు ఆ రెండూ తినేస్తుంది. ఇంకా ఫ్రిజ్జు ఉంది, నీళ్ల మోటారుంది, గీజరుంది, ఇస్త్రీపెట్టె, మిక్సీ ఉన్నాయి. పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లకి కూడా మా మీటరు మీదే సబ్ మీటరు. ఇంత సంసారమూ 2 కిలోవాట్లట! 1991లో మా మామగారు ఇల్లు కట్టినప్పుడు రాయించిన లెక్క అది. తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు.

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు తన గదిలో కూడా ఏసీ పెట్టించమన్నారు. అడగడంలో తప్పేం లేదు. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి ఇళ్లన్నీ గోడకి గోడ ఆనుకునే ఉంటాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండైనా చల్లారదు. రోహిణి కార్తెలో అయితే ఆవిడ గదిలో ఫ్యాను తిప్పేది గాలిని కాదు, సెగని. మా ఆయన అప్పటికే షాపుకెళ్లి ధర కూడా కనుక్కొచ్చారు. పనిలో పనిగా నేనూ ఒక ఇండక్షన్ పొయ్యి కావాలన్నాను, కాకపోతే ముందు మెయిన్ ఎంత మొయ్యగలదో చూద్దామండీ అన్నాను. “చూసేదేముంది, 63 ఆంప్స్ మెయిన్ ఉందిగా” అన్నారాయన. 63ని 230తో గుణిస్తే పద్నాలుగు కిలోవాట్లు దాటుతుంది, కాబట్టి నాలుగు ఏసీలైనా పెట్టుకోవచ్చని ఆయన లెక్క. షాపులో కుర్రాడు కూడా “16 ఆంప్స్ పాయింటు ఉంటే చాలు సార్, మిగతాదంతా మేం చూసుకుంటాం” అన్నాడట.

ఆ 63 సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లల్లో జనం దాన్నే చూసి ధైర్యంగా ఉన్నారు. మా మెయిన్ బోర్డులో ఉన్నది డబుల్ పోల్ ఐసొలేటర్. చూడ్డానికి అచ్చం ఎంసీబీలాగే (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చి) ఉంటుంది, అదే తెల్ల రంగు, అదే మీట. కానీ అది చేత్తో వేసి చేత్తో తీసే స్విచ్చి, అంతే. 63 అంటే ‘నేను అంత కరెంటు దాకా తట్టుకుంటాను’ అని. అంతకు మించి లాగితే దానంతట అది పడిపోదు. ఎంసీబీ అయితే అంకెకి ముందు బి గానీ సి గానీ ఒక అక్షరం ఉంటుంది, బి16, సి32 అని. ఇక కొన్ని ఇళ్లల్లో వెడల్పుగా, ‘టెస్ట్’ బటన్‌తో ఆర్‌సీసీబీ ఉంటుంది. దాని మీద కూడా 40 అనో 63 అనో అంకె ఉంటుంది, పక్కనే 30 మిల్లీ ఆంప్స్ అని. అది మనిషికి షాకు తగిలినప్పుడు కరెంటు తీసేసే పరికరం, ప్రాణం కాపాడేది, తప్పకుండా ఉండాల్సింది. కానీ ఓవర్‌లోడుతో దానికి సంబంధం లేదు. వైరు కాలిపోతున్నా అది నిబ్బరంగా కూర్చునే ఉంటుంది.

కాబట్టి 63ని పక్కన పెట్టి, స్తంభం దగ్గర్నుంచి ప్లగ్గు దాకా కరెంటు వచ్చే దారంతా చూడాలి. సర్వీసు వైరు, మీటరు, మీటరు కింద కటౌటు (ఇంటి మొత్తానికి ఉండే ఫ్యూజు), అక్కణ్ణుంచి మెయిన్ బోర్డుకి వచ్చే వైరు, బోర్డులో ఎంసీబీలు, గదికెళ్లే వైరు, చివర పాయింటు. వీటిలో అన్నిటికన్నా తక్కువ మోసేది ఏదైతే అదే ఇంటి సామర్థ్యం.

మీటరు సంగతి సులభం, దాని ముఖం మీదే రాసి ఉంటుంది. మాది 5-30 ఆంప్స్. రెండో అంకె ముఖ్యం, మీటరు కొలవగలిగే గరిష్ఠం అది. 30 ఆంప్స్ అంటే 6.9 కిలోవాట్లు. ఈమధ్య 10-60 మీటర్లు కూడా పెడుతున్నారు. సో, మా ఆయన పద్నాలుగు కిలోవాట్లు మీటరు దగ్గరే సగానికి వచ్చాయి.

కటౌటు సంగతి సులభం కాదు. మాది పాత పింగాణీ ఫ్యూజు. మా ఎలక్ట్రీషియన్ దాన్ని ఊడబెరికి చూపించాడు. ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట వైరులోంచి తీసిన రాగి పోగులు రెండు మెలితిప్పి బిగించి ఉన్నాయి. “మాటిమాటికీ పోతోందని ఎవరో కట్టేసినట్టున్నారక్కా” అన్నాడు. ఎవరో, ఎప్పుడో. ఆ 20 గేజి (గేజి అంటే తీగ మందం కొలత) రాగి పోగు ఒక్కటి కరగాలంటేనే దాదాపు 70 ఆంప్స్ కావాలి. రెండు కలిస్తే వంద దాటుతుంది. అంటే బయట ఫ్యూజు ఉన్నా లేనట్టే, లోపల ఐసొలేటరూ పడదు. మా ఇల్లు మొత్తానికి ఓవర్‌లోడు కాపలా అంటూ ఎక్కడా లేదన్నమాట. నాకు ఆ రోజు ఏసీ మాట ఎత్తబుద్ధి కాలేదు.

లోపలి వైరు పాతకాలం త్రీ ట్వెంటీ, అంటే 20 గేజి పోగులు మూడు. షాపుల్లో దాన్ని ఇప్పటి రెండున్నర స్క్వేర్‌తో (రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి) సమానమని చెబుతారు గానీ లెక్క వేస్తే రెండు స్క్వేర్ కూడా నిండదు. గోడ పైపులో వెళ్లే రాగి వైరుకి నేను వేసుకున్న లెక్క ఇది: ఒకటిన్నర స్క్వేర్‌కి 13 ఆంప్స్, రెండున్నరకి 18 నుంచి 20, నాలుగుకి 26, ఆరుకి 33. ఒకే పైపులో నాలుగైదు వైర్లు దూరిస్తే ఇంకా తగ్గించుకోవాలి, వేడి పోయే దారి ఉండదు గనక. మా ఇంట్లో మెయిన్ బోర్డు నుంచి వెనక గదులన్నిటికీ వెళ్తున్నది ఆ ఒక్క త్రీ ట్వెంటీ లైనే. అత్తయ్యగారి గదీ, వంటిల్లూ, గీజరూ దాని మీదే వేలాడుతున్నాయి.

ఇక ఎంత మోస్తుందో తెలిశాక, ఎంత మోపుతున్నామో తెలియాలి. దీనికి వస్తువుల మీద స్టిక్కర్లు చదివి కూడితే మా ఇంట్లో పదకొండు కిలోవాట్లు తేలింది. ఆ అంకె పట్టుకుని భయపడనక్కర్లేదు. గీజరు బెజవాడలో నిజంగా అవసరమయ్యేది డిసెంబరు, జనవరి పొద్దుటి పూట. ఏసీ మే నెల రాత్రి పూట. ఆ రెండూ ఎదురెదురు పడవు. ఇస్త్రీ ఆదివారం. చూడాల్సింది, ఏ గంటలో ఏవేవి కలిసి నడుస్తాయని. మా ఇంటికి ఆ గంట మేలో రాత్రి తొమ్మిదిన్నర. పాత ఏసీ 8 ఆంప్స్, రాబోయే టన్ను ఏసీ 5.5, నేను ఆలస్యంగా వచ్చి ఇండక్షన్ మీద చారు పెడితే మరో 8, ఫ్రిజ్జు 1, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 3, పైవాళ్ల కూలరు, ఫ్రిజ్జు, ఫ్యాన్లు 4. అదే టైముకి ట్యాంకు ఖాళీ అయిందని ఎవరైనా మోటారు వేస్తే ఇంకో 6.5. మొత్తం 36. మీటరేమో 30.

ఇన్వర్టర్ ఏసీ అంత లాగదు కదా అంటారు. నిజమే, కానీ ఎప్పుడన్నది చూడాలి. ఇది మీటరు దగ్గరే కొలవొచ్చు, సీలు ముట్టుకోకుండా, దేన్నీ విప్పకుండా. మీటరు మీద ఒక ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కన యూనిట్‌కి 3200 అనో, మరో అంకో రాసి ఉంటుంది. అంటే అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో మిగతావన్నీ ఆపి, కావాల్సిన వస్తువు ఒక్కటే నడిపించి, నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మా పాత ఏసీ వేసిన కొత్తలో నిమిషానికి 96 మెరుపులు, అంటే 1.8 కిలోవాట్లు. గది చల్లబడ్డాక అదే 32కి దిగింది, 0.6. సగటున చూస్తే పొదుపే. కానీ భోజనాలయ్యాక రెండు గదుల్లోనూ ఒకేసారి రిమోటు నొక్కుతాం. ఆ అరగంట రెండూ పూర్తి జోరులోనే ఉంటాయి. వైరు ఆ అరగంటని తట్టుకోవాలి. లోడు ఎక్కువైతే మెరుపులు కంటికి ఆనవు. మా వాడు ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి లెక్కపెట్టాడు, ట్యూషన్ ఎగ్గొట్టడానికి వాడికో వంక.

అంత శ్రమ వద్దనుకుంటే మీటరు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మారే అంకెల్లో ఎండీ అని ఒకటి వస్తుంది, మాగ్జిమం డిమాండు. ఆ నెలలో ఏ అరగంటలో ఎక్కువ వాడామో, ఆ అరగంట సగటు అది. మాది మార్చిలోనే 2.8. కాంట్రాక్టు 2 మీద అప్పటికే దాటేసి ఉన్నాం. ఇది అరగంట సగటు కాబట్టి మిక్సీ నిమిషం తిరిగినా, మోటారు మొదలవుతూ ఐదారు రెట్లు కరెంటు లాగినా ఇందులో పెద్దగా కనబడదు. వైరు వేడెక్కడమన్నది నిదానంగా జరిగే పని గనక దానికి ఈ అంకె సరిపోతుంది. మోటారు ఎత్తుకునేటప్పటి ఝలక్కి మాత్రం ఎంసీబీ రకం చూసుకోవాలి. బి రకం మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్లు. మోటారు వేసినప్పుడల్లా ఎంసీబీ పడిపోతోందంటే, దాన్ని ఇంకా పెద్ద ఆంప్స్‌ది చెయ్యకండి, సి రకంది వేయించండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష. ఏసీ స్టెబిలైజర్ మీద ఇన్‌పుట్ ఓల్టేజీ కనబడుతుంది కదా, చాలామంది దాన్ని గోడ గడియారంలా చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఒక రాత్రి అన్నీ ఆపి చూస్తే 221. ఏసీ, గీజరు రెండూ వేసి చూస్తే 206. పదిహేను ఓల్టులు ఎటు పోయాయి? ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డు దగ్గర మీటరు పెట్టించి చూస్తే, లోడు మీద అక్కడ 210. అంటే నాలుగు ఓల్టులు ఇంటి లోపలి వైర్లలో పోతున్నాయి, సన్న వైరు కాబట్టి అది అనుకున్నదే. మిగతా పదకొండు బోర్డు దాకా రాకముందే పోతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడెక్కువేమో అనుకున్నాం. కానీ అదే నిమిషంలో పక్కింటి పిన్నిగారి స్టెబిలైజర్ 219 చూపిస్తోంది, వాళ్లదీ అదే స్తంభం. ఇక మిగిలింది మా సర్వీసు వైరు, దాని జాయింట్లు. ఏసీ, గీజరు కలిసి 17 ఆంప్స్ దాకా లాగుతున్నాయి. 17ని 11తో గుణిస్తే 187 వాట్లు. చేతిలో పట్టే టంకం కర్ర పాతిక వాట్లకే సీసాన్ని కరిగిస్తుంది. దానికి ఏడింతల వేడి మా ఇంటి బయట ఆ సర్వీసు వైరులో, దాని జాయింట్ల దగ్గర పుడుతోంది. పైగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. రెండో ఏసీ, ఇండక్షన్ పెట్టాక ఏమయ్యేదో మా ఆయనకి ఇంక విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు.

ఓల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుందిలే అనుకోవడం గీజరు విషయంలో నిజం. 195 ఓల్టుల దగ్గర రెండు కిలోవాట్ల గీజరు 1.4 మాత్రమే ఇస్తుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. ఇన్వర్టర్ ఏసీ అలా ఊరుకోదు, తనకి కావాల్సిన పవరు కోసం ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. వైరు ఇంకా వేడెక్కుతుంది, ఓల్టేజీ ఇంకా పడుతుంది. ఎండాకాలం రాత్రుళ్లే మీటరు బోర్డుల్లో కమురు వాసన రావడానికి ఇదొక కారణం.

మా సర్వీసు వైరు అల్యూమినియంది, ఇంటి వయసే దానిదీ. అల్యూమినియం అదే మందం ఉన్న రాగిలో ఇంచుమించు అరవై శాతమే కరెంటుని పోనిస్తుంది. అదలా ఉంచితే, దాని అసలు జబ్బు జాయింట్ల దగ్గర. పైన తెల్లటి పొర కడుతుంది, వేడికి సాగి చల్లారితే ముడుచుకుంటుంది, స్క్రూ వదులవుతుంది. అజిత్ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఇంకో రకంగా చూశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు వాళ్ల మీటరు బోర్డు మునిగిపోయింది. నీళ్లు పోయాక ఆరబెట్టుకున్నారు, లైట్లు వెలిగాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఎండాకాలం ఏసీ వేసినప్పుడు న్యూట్రల్ జాయింటు కాలి నల్లగా ఊడొచ్చింది. బురద నీళ్లు తాగిన ఇత్తడి టెర్మినల్ పైకి బాగానే ఉంది, లోపల తినేసింది. వరద ప్రాంతాల్లో ఉన్నవాళ్లు కొత్త వస్తువు పెట్టేముందు ఆ టెర్మినల్స్ అన్నీ మార్పించుకుంటేనే మంచిది. చెల్లెలు ఇప్పుడు మీటరు బోర్డు తలకన్నా ఎత్తున పెట్టించుకుంది.

స్తంభం దగ్గరా, మీటరు సీలు దగ్గరా మన ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టకూడదు, 1912కి ఫోన్ చేసి చెప్పాలి. వచ్చిన లైన్‌మ్యాన్ స్తంభం మీద మా జాయింటు ఇన్సులేషన్ కరిగి ఉండటం చూసి, “ఇంకో ఏసీ పెడితే ఇదే ముందు పోయేదమ్మా” అన్నాడు. కాంట్రాక్టెడ్ లోడు 5 కిలోవాట్లకి పెంచమని దరఖాస్తు పెట్టాం. అదనపు లోడుకి డెవలప్‌మెంటు చార్జీలు, డిపాజిట్టు ఒకసారి కట్టాలి. తర్వాత నెలనెలా పడే భారం ఎంతో చూసి మా ఆయన ఆశ్చర్యపోయారు. నా దగ్గరున్న బిల్లు ప్రకారం ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటుకి 10 రూపాయలు. మూడు కిలోవాట్లు పెంచితే నెలకి 30 రూపాయలు. దీనికోసం ఇన్నేళ్లు జనం తక్కువ లోడు రాయించుకుని, అందరూ తక్కువే రాయించుకున్న వీధికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, అది ప్రతి మేలోనూ పేలితే కరెంటు ఆఫీసుని తిట్టుకోవడం!

సర్వీసు వైరు కొత్తది వేశాం, మీటరు 10-60ది వచ్చింది. గవర్నరుపేట నుంచి తెచ్చిన 10 స్క్వేర్ రాగి వైరు మీటరు నుంచి బోర్డుకి లాగించి, ఐసొలేటర్ తీసి సి40 డబుల్ పోల్ ఎంసీబీ, దాని వెనక ఆర్‌సీసీబీ పెట్టించాం. పాత ఏసీకి 4 స్క్వేర్ విడి లైను, 20 ఆంప్స్ ఎంసీబీ. అత్తయ్యగారి టన్ను ఏసీకి రెండున్నర స్క్వేర్, 16 ఆంప్స్. ఎలక్ట్రీషియన్ అన్నిటికీ 32 వేస్తే పడకుండా ఉంటుందన్నాడు. వద్దన్నాను. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి, దాని అంకె వైరు మోసేదానికన్నా తక్కువే ఉండాలి. మోటారుకి టైమర్ పెట్టి పొద్దున్న ఐదున్నరకి మార్చాం, రాత్రి లెక్కలోంచి ఆ 6.5 ఆంప్స్ ఎగిరిపోయాయి.

పైవాళ్ల విషయం కొంచెం గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. వాళ్లూ వచ్చే ఏడాది ఏసీ కొంటామంటున్నారు. సబ్ మీటరు తీసేసి వాళ్ల పోర్షన్‌కి విడిగా కనెక్షన్ తీసుకుందామంటే, ఖర్చు దండగన్నారు మా ఆయన. కాగితం మీద వేసి చూపించాను. మన ఆంధ్రప్రదేశ్ కరెంటు రేట్ల స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, అలా పెరుగుతూ 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. రెండు ఇళ్లూ చెరి 250 యూనిట్లు కాల్చి ఒకే మీటరు మీద 500 పడితే ఎనర్జీ చార్జీలే 3,523 రూపాయలు. విడి మీటర్ల మీద అయితే చెరి 1,236, రెండూ కలిపి 2,472. నెలకి వెయ్యి రూపాయల పైన తేడా, సామర్థ్యం సంగతి అలా ఉంచినా. ఆ దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

అత్తయ్యగారి ఏసీ బిగించారు. రెండూ కలిపి వేసి చూస్తే స్టెబిలైజర్ 221 నుంచి 217 దగ్గర ఆగింది. ఇండక్షన్ పొయ్యి మాత్రం కొనలేదు. వంటింటికి ఇంకా ఆ పాత త్రీ ట్వెంటీ లైనే వెళ్తోంది. విడి లైను లాగాలంటే టైల్స్ మీదుగా కేసింగు కనబడేలా వెయ్యాలట, దానికి అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు.